ఇంకస్: కమాండ్ లైన్‌లో కంటైనర్లతో కాపురం

కంటైనర్లు (ఒకే కంప్యూటరులో ప్రోగ్రాములను విడివిడిగా నడిపే గదుల్లాంటివి) అనగానే చాలామందికి డాకరే గుర్తొస్తుంది. నేను ఏళ్ల తరబడి వాడుతున్నది లినక్స్‌లో కంటైనర్లను నడిపే ఎల్‌ఎక్స్‌డీ, ఆ తర్వాత ఇంకస్. డాకర్ ఒక ప్రోగ్రామును మూటగట్టి నడిపిస్తుంది. ఇంకస్ కంటైనరులో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ, ప్యాకేజీలు, లాగిన్‌తో సహా మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మాత్రం హోస్టుదే, అంటే కంటైనర్లను మోసే అసలు యంత్రానిదే. ఒకే పాత సర్వరు మీద డేటాబేస్, వెబ్‌సైట్, ప్రయోగాలకు ఒక డెబియన్ లినక్స్ విడివిడిగా నడుపుకునే నాకు ఈ రెండో రకమే నప్పింది.

2023 జులైలో ఉబుంటు తయారుచేసే కెనానికల్ ఎల్‌ఎక్స్‌డీని పూర్తిగా తన అధీనంలోకి తీసుకుంది. ఆగస్టులో డెవలపర్ అలెక్సా సరాయ్ దాని నుంచి ఇంకస్‌ను చీల్చి తెచ్చారు. ఆ తర్వాత ఇమేజీలను (కంటైనర్లకు సిద్ధంగా ఉంచిన సిస్టమ్ ప్రతులను) అందించే పాత సర్వరు తలుపులు ఎల్‌ఎక్స్‌డీ వాడేవాళ్లకు క్రమంగా మూసుకుపోవడంతో నేనూ మారిపోయాను. వలస కోసమే రాసిన ప్రత్యేక కమాండు ఉంది. అది నా కంటైనర్లను, వాటిని నెట్‌వర్కుకు కలిపే బ్రిడ్జిని, స్టోరేజీని ఉన్నవి ఉన్నట్టే అప్పగించింది.

రోజువారీ పనిలో దీని సుఖం వాడితేనే తెలుస్తుంది. ‘ఇంకస్ లాంచ్’ అని ఇమేజ్ పేరు, మనం పెట్టుకునే పేరు ఇస్తే కాసేపట్లో కొత్త డెబియన్ సిద్ధం. ‘ఇంకస్ ఎగ్జెక్’ కొడితే నేరుగా లోపలి షెల్‌లో (కమాండ్లు కొట్టే చోట) ఉంటాం, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ అక్కర్లేదు. మెమరీ పరిమితిని కంటైనరు నడుస్తుండగానే మార్చవచ్చు. కంటైనరుకు దాని వాటా లెక్కలే చూపించే ఎల్‌ఎక్స్‌సీఎఫ్‌ఎస్ పుణ్యమా అని, లోపల మెమరీ చూపే ‘ఫ్రీ’ కమాండు కొట్టినా ఆ పరిమితే కనిపిస్తుంది. కరెంటు పోయి సర్వరు మళ్లీ లేచినప్పుడు, అంతకుముందు నడుస్తున్నవి వాటంతటవే లేస్తాయి.

నన్ను కట్టిపడేసింది స్నాప్‌షాట్లు, అంటే కంటైనరు ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే దాచిపెట్టే నకళ్లు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వెర్షన్ మార్చేముందు ఒకటి తీసి, తేడా వస్తే వెనక్కి వెళ్లిపోవడమే. అయితే ఈ వేగమంతా కింద ఉన్న స్టోరేజీది. జెడ్‌ఎఫ్‌ఎస్ గానీ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గానీ అనే ఫైల్ సిస్టమ్ ఉంటే స్నాప్‌షాట్ క్షణాల్లో పూర్తవుతుంది, మారిన భాగానికే అదనపు జాగా పడుతుంది. మామూలు ఫోల్డరులో దాచే ‘డిర్’ రకమైతే మొత్తం ఫైళ్లన్నీ కాపీ అవుతాయి, పెద్ద డేటాబేస్ ఉంటే ప్రాణం విసుగెత్తుతుంది. మొదట్లో ఇంకస్‌ను అమర్చే ‘ఇంకస్ అడ్మిన్ ఇనిట్’ అడిగే ప్రశ్నల్లో నింపాదిగా ఆలోచించాల్సింది ఈ స్టోరేజీ రకమొక్కటే. మిగతావాటికి ఎంటర్ కొట్టినా ఫరవాలేదు. స్నాప్‌షాట్లన్నీ అదే డిస్కు మీద ఉంటాయి కాబట్టి బ్యాకప్ కోసం ‘ఎక్స్‌పోర్ట్’ చేసిన ఫైలును వేరే యంత్రంలో దాచుకోవాలి.

చిరాకులూ ఉన్నాయి. హోస్టులోని ఫోల్డరును కంటైనరుకు తగిలిస్తే లోపల ఫైళ్లన్నీ ‘నోబడీ’ (ఎవరిదీ కాని ఖాతా) సొత్తుగా కనిపిస్తాయి. కారణం, కంటైనరులోని రూట్ (లోపల సర్వాధికారాలున్న ఖాతా) హోస్టు దృష్టిలో ఏ అధికారమూ లేని ఒక పెద్ద నంబరు మాత్రమే, భద్రతకు అది మంచిదే. ఫోల్డరు డివైసుకు ‘షిఫ్ట్’ ట్రూగా పెడితే సమస్య తీరుతుంది గానీ, తెలియనివాడికి ఒక సాయంత్రం ఖర్చు. ‘ఇంకస్-అడ్మిన్’ గ్రూపులో చేర్చడమంటే హోస్టు మీద రూట్ ఇచ్చినట్టే. ఆఫీసులో అడిగిన ప్రతివారినీ అందులో వేయకూడదు.

అన్నిటికంటే విసిగించేది డాకర్‌తో సహవాసం. ఒకే హోస్టు మీద రెండూ ఉంటే డాకర్ ఫైర్‌వాల్‌లోని ఫార్వర్డ్ నియమాన్ని (ఒక నెట్‌వర్కు నుంచి మరోదానికి డేటాను దాటించేదాన్ని) డ్రాప్‌గా, అంటే ఆపేసేదిగా మార్చేస్తుంది, ఇంకస్ కంటైనర్లకు ఇంటర్నెట్ ఆగిపోతుంది. ఫైర్‌వాల్‌లో మినహాయింపులు రాసుకోవచ్చు గానీ, నేను డాకర్‌నే తీసేసి ఆ పనికి డాకర్ లాంటిదే అయిన పాడ్‌మ్యాన్ పెట్టుకున్నాను. 6.3 వెర్షన్ నుంచి ఇంకసే డాకర్ ఇమేజీలను నడపగలదు. నా సర్వరులో ఉన్నది 2024 ఏప్రిల్‌లో వచ్చిన 6.0, 2029 జూన్ దాకా మద్దతున్న వెర్షన్. నెలనెలా మారే వెర్షన్ల వెంట పరుగెత్తే ఓపిక నాకు లేదు, కాబట్టి పాడ్‌మ్యాన్ ఇంకొన్నాళ్లు పక్కనే ఉంటుంది.