పందిరి లేని ద్రాక్షతోటలో రెండు రాత్రులు

నాసిక్ వెళ్దామని మా ఆయన అనగానే నాన్న త్రయంబకేశ్వరం అనుకున్నాడు. మా ఆయన మనసులో ఉన్నది వైన్. నాకు కావలసిందల్లా రెండు రోజులు పొయ్యి ముట్టకుండా పడుకోవడం. ముగ్గురికీ ఒకే ఊరు సరిపోయింది కాబట్టి ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాం.

ఈ రైలుతో ఒకటే చిక్కు. నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా తీరిగ్గా తీసుకెళ్లి, మంచి నిద్ర పట్టిన వేళకు, ఇంకా తెల్లారకముందే నాసిక్ రోడ్‌లో దించేస్తుంది. గెస్ట్ హౌస్‌లో గది ఇచ్చేదేమో మధ్యాహ్నం పన్నెండుకు. స్టేషన్‌లో కాసేపు కునికిపాట్లు పడి, ఆరింటికి క్యాబ్ మాట్లాడుకున్నాం. ముందురోజే ఫోన్ చేసి సంగతి చెప్పడం మంచిదయింది. కేర్‌టేకర్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. గది ఖాళీ కాలేదు గానీ, వరండాలో రెండు మంచాలు వాల్చి, నిమ్మగడ్డి వేసి కాచిన టీ తెచ్చి ఇచ్చాడు. అక్కడ దాన్ని గవతీ చాయ్ అంటారు. నాన్న రెండు గ్లాసులు తాగి, మూడోది పోయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి "నక్కో" అన్నాడు. కేర్‌టేకర్ మొహం ఇంత అయింది. మీకు మరాఠీ వచ్చా అని ఒకటే సంబరం. మన హైదరాబాదీ నక్కో, వాళ్ల నకో ఒకటే కదా! ఆ ఒక్క మాటతో మాకు రెండు రోజులూ టీకి కొదవ లేకుండా పోయింది.

గెస్ట్ హౌస్ నాసిక్‌కు పడమర, గంగాపూర్ డ్యామ్ దారిలో ఉంది. ఐదే గదులు. చుట్టూ ద్రాక్ష. ఎండ కొంచెం పైకి వచ్చాక నాన్న తోట గట్టు మీద నిలబడి చాలాసేపు చూసి అన్నాడు.

"ఇదేం తోట బిడ్డా, పందిరే లేదు?"

నాన్నకు ద్రాక్షతోట అంటే అనాబ్-ఎ-షాహి. అరబ్బీలో అనబ్ అంటే ద్రాక్ష, ఫార్సీలో షాహీ అంటే రాజులకు తగ్గది. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల తోటలన్నిటికీ పేరు తెచ్చిన రకం అదే. పొడుగాటి పెద్ద పండు, లోపల గింజలు. తలకు పైన పందిరి వేసి, తీగలు అల్లించి పెంచేవాళ్లు. ఆయన ఉద్యోగం చేసే రోజుల్లో వేసవి మొదలయ్యే ముందు స్కూటర్ మీద మేడ్చల్, శామీర్‌పేట వైపు వెళ్లి తోటలోనే తూకం వేయించుకుని తెచ్చేవాడు. పందిరి కింద నడుస్తుంటే గుత్తులు తలకు తగిలేవట. ఇప్పుడు ఆ దారిలో ఎక్కువగా కనిపించేవి ప్లాట్లూ, ఫంక్షన్ హాళ్లూ. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం మాత్రం ఇంకా ఉంది.

ఇక్కడి తీగలు అలా కాదు. కంచెకు కట్టినట్టు ఇనప తీగల మీద వరసలుగా, నిలువుగా, మనిషి ఛాతీ ఎత్తున ఉన్నాయి. కోత కాలం కాబట్టి చీకటితోనే కూలీలు దిగి, ఎండెక్కే లోపు క్రేట్లు నింపేస్తున్నారు. పండు వేడెక్కకూడదట. కేర్‌టేకర్ ఒక గుత్తి కోసి నాన్న చేతిలో పెట్టాడు. బఠాణీ కన్నా కాస్త పెద్ద కాయలు, మందం తొక్క, నోటి నిండా గింజలు. ఉమ్మేస్తాడనుకున్నాను. "అబ్బ, బెల్లం" అన్నాడు. నిజంగానే తినే ద్రాక్ష కన్నా ఇది తీపి. తీపిని కొలిచే బ్రిక్స్ లెక్కలో తినే రకాలను సుమారు 18కే కోసేస్తారు. వైన్‌కైతే 22 దాటేదాకా ఆగుతారు. ఆ తీపే కదా తర్వాత మత్తయ్యేది. ఇక్కడ ఏడాదికి రెండుసార్లు కత్తిరింపులు. ఏప్రిల్‌లో చేసేది కొమ్మ కోసం, అక్టోబర్‌లో చేసేది పండు కోసం.

అసలు ఈ చుట్టుపక్కల మొదట అంతా తినే ద్రాక్షే. అమెరికాలో చదివి వచ్చిన రాజీవ్ సామంత్ 1990ల చివర్లో తమ కుటుంబ భూమిలో వైన్ ద్రాక్ష నాటి, సులా అనే వైన్ కంపెనీ మొదలుపెట్టాడు. వాళ్ల మొదటి వైన్లు 2000లో వచ్చాయి. తర్వాత ఒకరిని చూసి ఒకరు దిగారు.

వైన్ రుచి చూపించే చోట్లకు రెండింటికి వెళ్లాం. శనివారం మధ్యాహ్నం వెళ్లింది దిండోరి వైపు ఒక పెద్ద చోటు. పేరెందుకులే. టికెట్ కొనడానికి లైను, గ్లాసు పట్టుకోవడానికి లైను, తినడానికి టేబుల్ కోసం గంటంబావు. స్పీకర్లలో పాటలకు పక్కనున్న మా ఆయన మాట కూడా వినపడలేదు. పనీర్ టిక్కా చల్లగా వచ్చింది, బిల్లు మాత్రం వేడిగానే వచ్చింది. వారాంతం కాకుండా వెళ్తే ఎలా ఉంటుందో గానీ, శనివారం మాత్రం అటు వద్దు.

రెండోది గెస్ట్ హౌస్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చిన్న వైనరీ. మనిషికి 400, ఐదు రకాలు. మాతో కలిపి ఎనిమిది మందే ఉన్నాం కాబట్టి చూపించే కుర్రాడు తీరిగ్గా చెప్పాడు. ఎర్ర వైన్ ఎర్రగా ఉండేది రసం వల్ల కాదట. నల్ల ద్రాక్షను పిండినా దాదాపు రంగులేని రసమే వస్తుంది. రంగంతా తొక్కలోది. అందుకే ఎర్ర వైన్‌కు తొక్కలతో సహా పులియబెడతారు, తెల్ల వైన్‌కు ముందే పిండి తొక్క తీసేస్తారు. స్టీలు ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు, ఫ్రిజ్ తలుపులా చల్లగా ఉంది.

షెనిన్ బ్లాంక్ నాకు నచ్చింది, కాస్త తీపి. సావిన్యాన్ బ్లాంక్ దగ్గర మా ఆయన ఏవేవో పండ్ల పేర్లు చెప్పాడు గానీ, నాకు వచ్చింది క్యాప్సికం తరిగినప్పటి పచ్చి వాసన. పైకి అనడానికి మొహమాటపడ్డాను. ఆ కుర్రాడు, కరెక్ట్ మేడమ్, అదే రావాలి అన్నాడు. వంటింటి ముక్కు ఊరికే పోదు. షిరాజ్‌లో మిరియాల ఘాటు. నాన్న మాత్రం గ్లాసు తిప్పి వాసన చూడమంటే నవ్వాడు. "మా ఊరి గౌడన్న ముంత ముక్కు కాడ పెట్టుకుంటే ఆ కల్లు పొద్దున దించిందా, పగటీలి దించిందా చెప్పేటోడు. దానికి 400 తీసుకోలే." ఐదింటిలో ఆయన ఒక్కటీ పూర్తి చేయలేదు. పులుపు ఎక్కువన్నాడు.

సీసాలు కొనలేదు. బయటి రాష్ట్రం సీసాలు తెలంగాణలోకి తెస్తే ఎక్సైజ్ వాళ్లతో లేనిపోని టెన్షన్. చివ్‌డా, అంటే అటుకుల మిక్చర్, రెండు కిలోలు తెచ్చుకున్నాం.

గెస్ట్ హౌస్ భోజనం గురించి చెప్పాలి. మెనూ కార్డు లేదు. పొద్దున ఏం వండమంటారని అడిగి, అదే వండుతారు. శనివారం రాత్రి పిఠలా, భాకరీ, పచ్చిమిర్చి వెల్లుల్లి దంచిన ఠేచా. భాకరీ అంటే మన జొన్న రొట్టే, పిఠలా శనగపిండితో చేసిన కూర. కట్టెల పొయ్యి మీద రొట్టె పొంగుతుంటే నాన్న పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెరుగు మాత్రం అడిగితే గానీ రాలేదు. అన్నం పలుకు పలుకుగా ఉంది.

లోపాలూ ఉన్నాయి. సోలార్ వేడినీళ్లు ఇద్దరి స్నానానికే సరిపోయాయి, మూడోవాళ్లకు బకెట్టు తెప్పించుకోవాలి. సాయంత్రం ఆరు నుంచి దోమలు. రాత్రిపూట క్యాబ్‌లు అటు రావు, ఎక్కడికి వెళ్లినా వెయిటింగ్‌తో సహా మాట్లాడుకోవాల్సిందే. అద్దె శనివారం 6,000, అదే గది ఆదివారం రాత్రికి 4,000. సోమవారం సెలవు పెట్టగలిగితే రెండో రాత్రే అసలు లాభం. ఆదివారం సాయంత్రానికి తక్కిన నాలుగు గదులూ ఖాళీ అయ్యాయి. ఆ రాత్రి పడుకున్నంత నిద్ర నేను ఈ మధ్య ఎరగను.

త్రయంబకం ఆదివారం పొద్దున్నే వెళ్లొచ్చాం. ముప్పై కిలోమీటర్ల లోపే. నల్లరాతి గుడి, మూడు గంటల లైను, అర నిమిషం దర్శనం. 2027లో సింహస్థ కుంభమేళా కాబట్టి ఆ రోజుల్లో ప్రశాంతత కోసం ఎవరూ ఇటు రావద్దు.

నాకు గుర్తుండిపోయింది మాత్రం వచ్చేటప్పుడు డ్యామ్ దగ్గర ఆగిన పావుగంట. బాసరలో, ధర్మపురిలో పుష్కరాలకు మునిగిన నాన్నను గట్టు మీద నిలబెట్టి ఇదీ మన గోదావరే అంటే నమ్మలేదు. గుడి వెనక బ్రహ్మగిరి మీద పుట్టి, ఇక్కడిదాకా వచ్చి ఆగిందని చెప్పాను. "ఈ నీళ్లే ఆ తోటలకా?" అన్నాడు. తోటలకూ, ఊరికీ అన్నాను. కాసేపు ఊరుకుని, "అందుకే అంత తీపి" అన్నాడు.

సోమవారం తిరుగు ప్రయాణం విమానంలో, రెండు గంటల లోపే. ఎయిర్‌పోర్టు ఓఝర్‌లో, ఊరికి ఇంకో పక్క. డ్యామ్ వైపు నుంచైతే గంటకు పైనే చేతిలో పెట్టుకుని బయలుదేరాలి. గది మాట్లాడుకునేటప్పుడు తోట వైపుది అడగండి. డ్యామ్ వైపు గదులకు 500 ఎక్కువ, కానీ కిటికీలోంచి నీళ్ల కన్నా ముందు పక్కింటి నీళ్ల ట్యాంకే కనిపిస్తుంది.