చిలికా నుంచి సుంకి ఘాట్ దాకా క్యాంపర్‌తో

కారు వెనక చిన్న క్యాంపర్ (లోపల పడుకోవడానికి వీలున్న లాగుడు బండి) తగిలించుకుని ఒడిశా సరిహద్దు జిల్లాలు తిరగాలనుకునేవాళ్లు గది అద్దెల కంటే ముందు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. రాత్రి బండి ఎక్కడ నిలబెడతాం? అక్కడి గాలిలో ఉప్పెంత? మర్నాడు లైట్లు వెలక్కపోతే చూసే మనిషి ఎంత దూరంలో ఉంటాడు? ఇచ్ఛాపురం దాటి గంజాంలోకి వెళ్లి, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల మీదుగా సాలూరులో దిగాం. ఊళ్లకు నేను మార్కులు వేసింది ఈ లెక్కనే.

గోపాల్‌పూర్‌లో సముద్రం ఎదురుగా ఉన్న హోటల్ వాళ్లు ఆవరణలో జాగా ఇచ్చారు, 15 యాంప్స్ సాకెట్ కూడా చూపించారు. లైట్‌హౌస్, పాత బంగళాలు, సాయంత్రం పూట వేయించిన జీడిపప్పు, అన్నీ బాగున్నాయి. పొద్దున లేచి కారు అద్దం మీద వేలు పెడితే మాత్రం జిగట. ఆ జిగటే కారు నుంచి క్యాంపర్ లైట్లకు కరెంటు తీసుకెళ్లే ప్లగ్గు పిన్నుల మీదా కూర్చుంటుంది. చిలికా దక్షిణపు కొసన ఉన్న రంభ నాకు ఇంకా నచ్చింది. నీళ్లు నిశ్చలంగా ఉంటాయి, గాలి నెమ్మది, పడవ మాట్లాడుకుంటే బీకన్ ఐలాండ్ దాకా తీసుకెళ్తారు. క్యాంపర్ ఉన్నవాళ్లు రాత్రి బస రంభలో పెట్టుకుని, గోపాల్‌పూర్ పగలు చూసి రావడం మేలు.

రంభ నుంచి బరంపురం వస్తుంటే వెనక లారీ డ్రైవర్ హారన్ కొట్టి చెయ్యి ఊపాడు. పక్కకు ఆపి మా బావమరిదిని సీట్లో కూర్చోబెట్టి నేను వెనక నిలబడ్డాను. “ఎడమ ఇండికేటర్ వేశాను, చూడు బావా!” అన్నాడు. ఇండికేటర్‌తో పాటు క్యాంపర్ టెయిల్ లైట్లు రెండూ కొట్టుకుంటున్నాయి. బ్రేక్ తొక్కితే అన్నీ కలిసి మసకబారుతున్నాయి. కారు లైట్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

ఇలా ఒక లైటు వేస్తే ఇంకోటి స్పందించిందంటే బల్బుల జోలికి పోనక్కర్లేదు, నూటికి తొంభై పాళ్లు ఎర్త్, అంటే కరెంటు వెనక్కి వెళ్లే దారి, పోయినట్టే. బల్బులోంచి వచ్చిన కరెంటు బ్యాటరీ నెగిటివ్‌కి తిరిగి చేరాలి. ఆ దారి మూసుకుపోతే పక్క బల్బు ఫిలమెంట్‌లోంచి దూరి దారి వెతుక్కుంటుంది. అందుకే అన్నీ సగం సగం వెలుగుతాయి. బరంపురం బైపాస్ పక్కన దొరికిన ఎలక్ట్రీషియన్ ఒడియాలో మొదలుపెట్టి, మా నంబరు ప్లేటు చూసి శ్రీకాకుళం యాసలోకి దిగాడు. టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉందో లేదో చూసే చిన్న బల్బు) ఇంకా చేతిలోకి తీసుకోకుండానే తేల్చేశాడు: “కరెంటు ఎల్తంది గానీ ఎనక్కి రాట్నేదు బావూ.”

అతను చేసిన పరీక్ష ఎవరైనా చెయ్యొచ్చు. కారు బ్యాటరీ నెగిటివ్ నుంచి ఒక పొడవాటి వైరు తెచ్చి క్యాంపర్ చాసిస్ (అడుగు ఇనుప చట్రం) మీద పెయింటు లేని చోట ఆనించాడు. లైట్లన్నీ ఒక్కసారిగా సరయ్యాయి. మల్టీమీటర్ ఉంటే ఇంకా తేలిక. లైట్లు వేసి ఉంచి, బ్యాటరీ నెగిటివ్‌కీ క్యాంపర్ చాసిస్‌కీ మధ్య వోల్టులు చూడాలి. దాదాపు సున్నా రావాలి. అర వోల్టు దాటితే ఎర్త్ లైనులో ఎక్కడో లోపముంది.

కారుకీ క్యాంపర్‌కీ మధ్య ఉండే ఏడు పిన్నుల ప్లగ్గులో, ఐఎస్ఓ 1724 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, మూడో పిన్ను తెల్ల వైరు, అదే ఎర్త్. ఒకటి పసుపు ఎడమ ఇండికేటర్, నాలుగు ఆకుపచ్చ కుడి ఇండికేటర్, ఆరు ఎరుపు బ్రేకు, అయిదు గోధుమరంగు, ఏడు నలుపు టెయిల్ లైట్లకు. రెండు నీలం, దాన్ని వెనక ఫాగ్ ల్యాంపుకి వాడతారు. మన చిన్న వర్క్‌షాపుల్లో చేతికొచ్చిన రంగు వైరు లాగేస్తారు కాబట్టి రంగుని నమ్మకుండా పిన్ను పిన్నుకీ టెస్ట్ ల్యాంప్ పెట్టి చూడాల్సిందే. మా దాంట్లో మూడో పిన్ను ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంది. ఇన్నాళ్లూ లైట్లు వెలిగింది కారు టో బాల్ (క్యాంపర్‌ని తగిలించే గుండు) ఇనుము ద్వారా దొరికిన ఎర్త్‌తో. బాల్ మీద గ్రీజు ఉంటుంది, రోడ్డు మీద కుదుపులుంటాయి. నిలబెట్టి చూస్తే వెలిగేవి, నడిస్తే ఆరిపోయేవి.

ఉప్పుకాగితంతో పిన్నులు రుద్ది, చీలిక ఉన్న పిన్నులని సన్నటి స్క్రూడ్రైవర్‌తో కొంచెం విప్పాడు, బిగువుగా కూర్చోవడానికి. చాసిస్ మీద రూపాయి బిళ్లంత మేర పెయింటు గీకి, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకి థింబుల్ (బోల్టుకి పట్టే లోహపు కొస) వేసి, పళ్ల వాషర్‌తో బోల్టు బిగించి, పైన వ్యాజిలీన్ పూశాడు. మజూరీ 300 అడిగాడు, బేరమాడ్డానికి మనసు రాలేదు. పనిలో పనిగా బరంపురం అప్పడాలు, పచ్చళ్లు ఎక్కడ కొనాలో కూడా చెప్పాడు.

తప్తపాణి వేడినీటి బుగ్గ దగ్గర జాగా తక్కువ, వాలు ఎక్కువ. స్నానానికి ఆగి గంధకం వాసనతో బయల్దేరిపోవడమే. చంద్రగిరి మాత్రం మళ్లీ వెళ్లే చోటు. 1963లో ఇక్కడ టిబెటన్లకు ఆశ్రయమిచ్చారు. జిరంగ్‌లోని పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. గెస్ట్‌హౌస్ వెనక చదునైన నేల, చల్లని గాలి, పక్కనే వేడి తుక్పా (టిబెటన్ నూడుల్స్ సూప్). రాత్రి 12 వోల్టుల ఫ్రిజ్‌ని కారుకే తగిలించి పడుకుంటే తెల్లారేసరికి కారు స్టార్ట్ కాదు. ఆ లైనుకి ఇంజిన్ ఆపగానే తెగిపోయే రిలే ఉండాలి. వైరు కూడా లావుగా ఉండాలి. 2.5 వైరులో ఆరు మీటర్ల దూరం 10 యాంప్స్ లాగితే రానూ పోనూ 0.8 వోల్టు దారిలోనే పోతుంది.

రాయగడలో తెలుగు వినపడుతుంది, భోజనం మన రుచి, మజ్జిగౌరి గుడి సరే సరి. బస మాత్రం ఆరా తీసి తీసుకోండి. ఒక లాడ్జి వాళ్లు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇచ్చారు. ప్లగ్గు పెట్టి క్యాంపర్ బాడీకి టెస్టర్ ఆనిస్తే వెలిగింది. సాకెట్‌కి మూడు రంధ్రాలున్నా లోపల ఎర్త్ వైరే లేదు. ఇది లైట్ల ఎర్త్ లాంటి చిన్న సంగతి కాదు, తడి చేత్తో తలుపు పట్టుకుంటే ప్రాణానికే ముప్పు. వెంటనే పీకేసి ఆ రాత్రి బ్యాటరీ మీదే గడిపాం. క్యాంపర్ లోపల 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంపేసే స్విచ్చి) పెట్టించకుండా ఎవరి కరెంటూ తీసుకోవద్దు.

కొరాపుట్‌లో కొండమీది జగన్నాథుడి గుడి, కొలాబ్ జలాశయం చూసుకుని సిమిలిగుడ మీదుగా సుంకి ఘాట్ దిగుతుంటే బ్రేక్ లైట్ల ఫ్యూజు కొట్టేసింది. కొత్తది వేశాం, మళ్లీ కొట్టేసింది. తిన్నటి రోడ్డు మీద ఏమీ కాదు, కుడి వైపు గట్టి మలుపు తిరుగుతూ బ్రేక్ తొక్కితేనే పోతోంది. ఆ లక్షణమే చోటు చెప్పేసింది. మలుపులో ప్లగ్గు కేబుల్ బిగుసుకుని టో బార్ (క్యాంపర్‌ని లాగే ఇనుప కమ్మీ) అంచుకి రాసుకుంటోంది, ఎర్ర వైరు తొడుగు అక్కడ ఒరుసుకుపోయి రాగి కనిపిస్తోంది. టేపు చుట్టి, తాడుతో పైకి కట్టి, నెమ్మదిగా దిగాం.

సాలూరు లారీల ఊరు, అక్కడ ఈ పనికి వెతుక్కోనక్కర్లేదు. కేబుల్ మొత్తం మార్చి, పైన ప్లాస్టిక్ గొట్టం తొడిగారు. క్యాంపర్‌ని రెండు పక్కలా పూర్తిగా తిప్పించి, నేలకి తగలకుండా, లాక్కుపోకుండా ఎంత వదులుండాలో చూసి అప్పుడు క్లిప్పులు బిగించారు. ప్లగ్గు నోరు కిందికి ఉండేలా పెట్టమని అడిగాను, లోపల నీళ్లు నిలవవు. గంటన్నరలో పనైపోయింది, ఆ చీకట్లోనే విజయనగరం రోడ్డెక్కాం.