డైనమో పీకేయమన్నారు, పీకలేదు

మాది 1979 మోడల్ మహీంద్రా బి-275 ట్రాక్టర్. నాన్న తర్వాత పదిహేడేళ్లుగా నేనే నడుపుతున్నాను. ఇంజిన్‌కి వంక పెట్టను, డీజిల్ పోస్తే తిరుగుతుంది. చెప్పాల్సింది డైనమో గురించే, అంటే ఇంజిన్ తిప్పితే తిరిగి బ్యాటరీకి చార్జింగ్ పెట్టేది.

స్లోలో ఇది చార్జింగ్ ఇవ్వదు. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది. ఎక్స్‌లేటర్ కాస్త లాగితే కట్-ఔట్ (డైనమోని బ్యాటరీకి కలిపే, విడదీసే స్విచ్చు) టక్కుమంటుంది, లైటు ఆరిపోతుంది. కొత్త బండ్లు నడిపిన కుర్రాళ్లు అది చూసి డైనమో పోయిందంటారు. పోలేదు. దాని ఓల్టేజి బ్యాటరీని దాటితేనే కట్-ఔట్ కలుస్తుంది, లేకపోతే బ్యాటరీ కరెంటే వెనక్కి డైనమోలోకి పోతుంది.

కరెంటు అలా వెనక్కి పోవడం ఒక రాత్రి నాకే జరిగింది. టౌన్లో ఒకచోట ఆర్మేచర్ (డైనమో లోపల తిరిగే భాగం) బాగుచేయించి బిగించాం. బిగించాక డైనమో లోపలి అయస్కాంత చుట్టలకి పోయే ఫీల్డు టెర్మినల్‌కి బ్యాటరీ వైరు ఒక్క క్షణం తాకించాలి, ఆ పని వాళ్లూ చేయలేదు, నాకూ తెలియదు. పోలారిటీ, అంటే ప్లస్ మైనస్, తిరగబడి కట్-ఔట్ పాయింట్లు అతుక్కుపోయాయి. పొద్దున సెల్ఫ్ లేదు, డైనమో మీద చెయ్యి పెడితే ఇంకా గోరువెచ్చగా ఉంది. నయం, బండి దిగుడు మీద ఆపాను. దొర్లించి స్టార్ట్ చేశాం.

అప్పట్నుంచి పని నేనే నేర్చుకున్నాను. ఏటా దమ్ములు అయ్యాక కార్బన్లు (ఆర్మేచర్‌కి రాసుకుంటూ కరెంటు తీసుకునే ముక్కలు) తీసి చూస్తాను. ఆర్మేచర్ రాగి పట్టీలు నల్లబడితే సన్న గాజు కాగితంతో తుడుస్తాను. ఎమరీ వద్దు, దాని రజను పట్టీల సందుల్లో ఇరుక్కుంటుంది. రాగి అరిగి పట్టీల మధ్యలో ఉండే మైకా (కరెంటు పారని పొర) పైకి తేలితే కార్బన్లు ఎగిరి నిప్పురవ్వలు పడతాయి. విరిగిన హాక్సా బ్లేడు ముక్కతో ఆ మైకాని గీకి లోతు చేయాలి. గంట పని, నడుం నొప్పి. వెనక బుష్‌కి రెండు చుక్కల ఆయిలు చాలు, ఎక్కువైతే కార్బన్ల మీదికి కారుతుంది.

"పీకి పారెయ్ బావా, ఆల్టర్నేటర్ పెట్టుకో" అని మా బామ్మర్ది పోరు. డైనమో బదులు వాడే కొత్త రకం చార్జింగ్ యంత్రం అది. అతను తన బండికి పెట్టించాడు. నిజమే, స్లోలోనే చార్జింగ్, లైట్లు తెల్లగా వస్తాయి. రాత్రిళ్లు నాలుగు లైట్లేసి దమ్ము చేసేవాళ్లకి అదే మేలు. రెండు 55 వాట్ల బల్బులకే తొమ్మిది ఆంపియర్లు కావాలి, డైనమో ఇచ్చేది ఇరవై అటూఇటూ. కానీ బ్యాటరీ వైర్లు విప్పకుండా ట్రక్కు కొక్కేనికి వెల్డింగ్ కొట్టించాడు, ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు (కరెంటుని ఒకవైపే పోనిచ్చేవి) పోయాయి. నేను నవ్వలేదు లెండి, అంతగా.

నాకు పగటి పనే. టూల్ పెట్టెలో ఒక జత కార్బన్లు, పాత కట్-ఔట్ ఒకటి ఉంచుకుంటాను. ఇప్పుడు మార్చాల్సింది ఫ్యాన్ బెల్టు, బొటనవేలితో నొక్కితే అంగుళం పైనే దిగుతోంది.