యాంటికితెరా చెక్క కిట్: గ్రీకులకి ఐదు స్టార్లు, కిట్టుకి మూడే

రెండువేల ఎనిమిదొందలు పెట్టి ఆన్‌లైన్లో తెప్పించా, గ్రీకుల యాంటికితెరా యంత్రం మోడల్ అని. హ్యాండిల్ తిప్పితే సూర్యచంద్రుల నడక, గ్రహణాలు చూపే పళ్ళచక్రాల పెట్టె అది. పిల్లల టైంపాస్‌కి ఐతే వద్దే వద్దు, నాకే మూడు ఆదివారాలు పట్టింది, మధ్యలో ఒక గేరుకి రెండు పళ్ళు ఊడిపోతే ఫెవికాల్ పెట్టి అతికించా, మాన్యువల్ బొమ్మలు ఎటు నుంచి చూడాలో ఆ దేవుడికే తెలియాలి.

అసలుది రెండువేల ఏళ్ళ పైమాటే. 1901లో యాంటికితెరా దీవి దగ్గర మునిగిపోయిన ఓడలోంచి తీసిన కంచు ముద్ద, 1902లో గానీ అందులో పళ్ళచక్రం ఉందని ఎవరూ చూడలేదు. ఇప్పుడు 82 ముక్కలుగా ఏథెన్స్ మ్యూజియంలో ఉంది, 30 గేర్లు మిగిలాయి.

వెనకవైపు పై డయల్ తిప్పుతుంటే భలే ఉంది. 19 ఏళ్ళకి 235 చాంద్రమాన నెలలు. 12 చొప్పున వేస్తే 228 కదా, మిగతా ఏడూ ఎక్కడివి అనుకున్నా, అవి మన అధికమాసాల్లాంటివే! 2004లో అధిక శ్రావణం వచ్చింది, మళ్ళీ 19 ఏళ్ళకి 2023లో అధిక శ్రావణమే. నాయనమ్మకి చూపిస్తే "ఇది పంచాంగమేరా, తిప్పేది" అంది. కింద డయల్ గ్రహణాలకి, అవి మళ్ళీ అదే వరసలో వచ్చే 223 నెలల చక్రం.

ఇక చంద్రుడి గేరు. చంద్రుడు రోజూ ఒకే స్పీడులో నడవడు కదా, దానికోసం రెండు గేర్లు ఒకదానిమీద ఒకటి పెట్టి, ఇరుసులు సుమారు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిపి, ఒకదాని మేకు ఇంకోదాని గాడిలో జారేలా చేశారు, అంతే, ముల్లు ఒకసారి జోరుగా ఒకసారి నిదానంగా పోతుంది. భూమి చుట్టూనే అన్నీ తిరుగుతాయి అనుకున్న వాళ్ళు చేసిన పని ఇది! కానీ ఈ కిట్లో గాడి ఎంత లూజుగా ఉందంటే ముల్లు ఊగేది చంద్రుడి వల్లో చెక్క వల్లో తేల్చుకోలేం. రెండు స్టార్లు కోసింది ఇందుకే.

ఇంకోటి, డబ్బా మీద "అసలుదానికి నకలు" అని రాశారు, ముందువైపు ఐదు గ్రహాల ముళ్ళూ పెట్టేశారు. ఆ గేర్లు దాదాపు దొరకనే లేదండీ, యంత్రం మీద చెక్కిన రాతలు చూసి పరిశోధకులు కట్టిన ఊహ అది. ఆ ముక్క చిన్న అక్షరాల్లోనైనా వెయ్యాల్సింది.

కొనేవాళ్ళు బిగించే ముందే పళ్ళకి కొవ్వొత్తి రుద్దండి. హ్యాండిల్ మెల్లిగా తిప్పండి, నాది మొదటిరోజే విరిగింది.