బెంగళూరులో మాడిఫైడ్ కారు కొంటున్నారా? బ్రేకులు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి

సెకండ్ హ్యాండ్‌లో మాడిఫైడ్ కారు వెతుకుతున్న మనవాళ్లందరికీ ఈ మాట. "ముందర పెద్ద డిస్కులు, పెద్ద క్యాలిపర్లు వేయించాం సార్, బ్రేకులు అదిరిపోతాయి" అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. (క్యాలిపర్ అంటే చక్రంతో తిరిగే డిస్కుని నొక్కి పట్టుకునే భాగం.) నాకు అమ్మిన హ్యాచ్‌బ్యాక్ గురించీ ఇలాగే చెప్పారు. సిటీలో సిగ్నళ్ల దగ్గర పెడల్ కాస్త మెత్తగా అనిపించేది, అంతే. నంది హిల్స్ దిగేటప్పుడు మాత్రం ఒక మలుపులో పెడల్ ఏకంగా అడుగుకు పోయింది. గబగబా పంప్ చేస్తే గానీ బ్రేకు పట్టలేదు. వెనక సీట్లో పిల్లలున్నారు.

బ్రేకులు మార్చిన గ్యారేజీవాళ్లని అడిగితే "పెద్ద బ్రేకులకి పెడల్ అలాగే ఉంటుంది, అలవాటైపోతుంది" అన్నారు. పచ్చి అబద్ధం. గట్టిగా నిలదీస్తే కొత్త బ్రేక్ ఆయిల్ పోసి బ్లీడింగ్ చేశారు, అంటే లోపల చిక్కుకున్న గాలిని ఆయిల్‌తో పాటు బయటికి పంపే పని. పైపులో ఒక్క బుడగ కూడా రాలేదు, పెడల్ మాత్రం స్పాంజిలాగే ఉంది.

అసలు సంగతి జేసీ రోడ్డు దగ్గర మదనపల్లె మెకానిక్ ఒకాయన పట్టుకున్నాడు. చక్రం విప్పి టార్చి కొట్టి, "అన్నా, నిపుల్ కింద ఉంది చూడు" అన్నాడు. నిపుల్ అంటే బ్లీడింగ్ చేసేటప్పుడు గాలి బయటికి పోయే చిన్న మర. ఎడమ క్యాలిపర్ కుడికి, కుడిది ఎడమకి బిగించేశారు! గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది, అందుకే బ్లీడర్ నిపుల్ క్యాలిపర్‌కి పైన ఉండాలి. కింద ఉంటే ఎంత ఆయిల్ పోసినా ఆయిలే బయటికొస్తుంది, గాలి కదలదు. ఆయిల్ అణగదు, గాలి అణుగుతుంది. మనం తొక్కిన తొక్కుడంతా దాన్ని అణచడానికే సరిపోతుంది.

క్యాలిపర్లు అటూ ఇటూ మార్చాక పెడల్ గట్టిపడింది గానీ, ఇంకా బాగా కిందికి దిగితేనే పట్టేది. అది వేరే లోపం. పెద్ద క్యాలిపర్ల లోపలి పెద్ద పిస్టన్లు కదలాలంటే ఎక్కువ ఆయిల్ వెళ్లాలి, వీళ్లేమో పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ పాతదే ఉంచేశారు. తగిన సైజుది వేయించాకే సరైంది. ఆ ఖర్చు అడుగుదామంటే గ్యారేజీవాళ్లు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

కాబట్టి కారు చూడ్డానికి వెళ్లినప్పుడు స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పించి, చక్రం వెనక వంగి చూడండి. నిపుల్ పైన కనిపించాలి. కొన్ని క్యాలిపర్లకి పైనా కిందా రెండూ ఉంటాయి, వాటితో ఇబ్బంది లేదు. తర్వాత ఇంజిన్ ఆన్‌లో ఉంచి పెడల్ గట్టిగా తొక్కి అరనిమిషం పట్టుకోండి. మెల్లగా జారిపోతుంటే ఎక్కడో లీకుంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపల సీలు పోయింది. పంప్ చేసేకొద్దీ పైకి లేస్తుంటే గాలి పట్టిందని అనుమానించాల్సిందే. ఆయిల్ నల్లగా ఉన్నా అడగండి. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చిందంటే ఆ మరిగే వేడి 155 దాకా పడిపోవచ్చు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి ఆయిల్ మరిగితే ఆవిరి కూడా గాలిలాగే అణుగుతుంది, ఆ తేడా ప్రాణాల మీదికొస్తుంది.

మెకానిక్‌ని తీసుకొస్తాం, చక్రం విప్పి చూస్తాం అంటే ఒప్పుకోని చోట అడ్వాన్స్ ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.