శివనసముద్రమా, మాచ్‌ఖండా: ఒక్కటే చూడాలంటే?

పాత జలవిద్యుత్ కేంద్రాల గురించి ఏం రాసినా పాఠకులు అడిగేది ఒకటే: ఒక్కటే చూసే వీలుంటే దేనికి వెళ్ళాలి? పోటీ దాదాపు ఎప్పుడూ రెండింటి మధ్యే. కావేరి మీద శివనసముద్రం, ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్.

కట్టడం తీరు చూడాలనుకుంటే మాచ్‌ఖండ్‌కు సాటి లేదు. డుడుమ జలపాతం దగ్గర, లోయ అడుగున పవర్‌హౌస్. సిబ్బంది అక్కడికి దిగేది నిటారు వాలులో పట్టాల మీద నడిచే వించిలో (తాడుతో లాగే బండి). మొదటి యూనిట్ 1955లో తిరిగింది. ఆరు యూనిట్లు కలిపి 120 మెగావాట్లు. మద్రాసు, ఒరిస్సా కలిసి తలపెట్టిన పథకం పూర్తయ్యేసరికి మద్రాసు స్థానంలోకి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది.

శివనసముద్రంలో 1902 నాటి తొలి యంత్రాలు ఇప్పుడు తిరగడం లేదు. తర్వాత పెట్టిన యూనిట్లతో అది 42 మెగావాట్ల కేంద్రం. అయినా నా మొగ్గు అటే.

నా లెక్కలో తేల్చేది యంత్రం వయసు కాదు, ఆ కరెంటు ఎవరి కోసం పుట్టిందో ఇవాళ కళ్ళారా చూడగలమా అన్నది. మాచ్‌ఖండ్ కరెంటు గ్రిడ్‌లో కలిసిపోయింది. జలాపుట్ జలాశయం కింద భూములు పోగొట్టుకున్న గిరిజనుల కథ బరువైనదే గానీ, పవర్‌హౌస్ చూసి వచ్చినవారికి అది కనిపించదు. శివనసముద్రం కథకు మాత్రం రెండు కొసలూ దొరుకుతాయి. మైసూరు రాజ్య దివాన్ శేషాద్రి అయ్యర్ కాలంలో పథకం వేసింది కోలారు బంగారు గనుల కోసం. దాదాపు 150 కిలోమీటర్ల లైను వేసి 1902లో గనులకు కరెంటు ఇచ్చారు (అంతకు ముందు ఏడాదే అయ్యర్ కన్నుమూశారు). బెంగళూరు వీధి దీపాల వంతు 1905లో గానీ రాలేదు. ముందు బంగారం, తర్వాతే రాజ్యంలోని పెద్ద ఊరు! ఆ గనులు 2001లో మూతపడ్డాయి, కేంద్రం మాత్రం నడుస్తూనే ఉంది. కాబట్టి శివనసముద్రం వెళ్ళేవారు కోలారు గనుల ఊరినీ కలుపుకోవాలి. అది లేకపోతే సగమే చూసినట్టు.

డార్జిలింగ్ దగ్గరి సిద్రాపాంగ్ 1897 నాటిది, దేశంలో మొదటిది, 130 కిలోవాట్లు. అటు వెళ్ళే పని ఉంటే చూడండి. బొంబాయి మిల్లుల కోసం కట్టిన ఖొపోలీ గురించి అడిగేవారు తక్కువ.

ఎక్కడికి వెళ్ళినా పవర్‌హౌస్ లోపలికి ముందస్తు అనుమతి కావాలి. శివనసముద్రంలో అది దొరకకపోయినా గగనచుక్కి, భరచుక్కి జలపాతాలు ఉంటాయి. వానాకాలం దాటకముందే వెళ్ళండి, వేసవిలో ధార సన్నబడుతుంది.