సమరియా లోయ నడక: దిగుడే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు

వేసవి సెలవులకు గ్రీస్‌లోని క్రీట్ ద్వీపానికి వెళ్తున్నారా? అయితే ఒక రోజు మొత్తం సమరియా లోయకు ఇచ్చేయండి. ఈ నడకకు మా రేటింగ్ అయిదుకు నాలుగున్నర. ఆ అర మార్కు ఎక్కడ తగ్గిందో చివర్లో తెలుస్తుంది.

నడక మొదలయ్యేది ఒమాలోస్ పీఠభూమి అంచున ఉన్న క్సిలోస్కలో దగ్గర, సముద్ర మట్టానికి సుమారు 1,230 మీటర్ల ఎత్తున. ముగిసేది లిబియా సముద్రం ఒడ్డున, ఆగియా రూమెలీ అనే పల్లెలో. మొత్తం 16 కిలోమీటర్లు. అందులో 13 నేషనల్ పార్కు లోపల, మిగతా మూడు గేటు దాటాక. మామూలుగా నడిచేవాళ్లకు అయిదు నుంచి ఏడు గంటలు పడుతుంది.

మొత్తం దిగుడే కాబట్టి ఆయాసం రాదు. దెబ్బంతా మోకాళ్ల మీద పడుతుంది. దిగాల్సిన ఎత్తులో దాదాపు సగం తొలి నాలుగు కిలోమీటర్లలోనే అయిపోతుంది. కర్ర రెయిలింగు పక్కన రాతి మెట్లు, మలుపు తర్వాత మలుపు. రాళ్లు వేలమంది అడుగులకు అరిగి నున్నబడ్డాయి, పొద్దున తేమకు జారతాయి. ఇక్కడ తొందరపడ్డవాళ్లకే మధ్యాహ్నానికి తొడలు వణుకుతాయి. రెండు చేతికర్రలుంటే కొంత బరువు వాటి మీదకు పోతుంది. బూటు లేసులు చీలమండ దగ్గర బిగించి కట్టండి. వదులుగా ఉంటే పాదం ముందుకు జారి, వేళ్లు బూటు మొనకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. ముందురోజే గోళ్లు కత్తిరించుకోవడం మేలు. చెప్పులతో, అడుగు పలుచగా ఉన్న బూట్లతో అసలు దిగొద్దు. కింది సగం దారంతా ఏటి గుండ్రాళ్ల మీదే, అడుగడుక్కీ చీలమండ మెలికపడే నేల.

నీళ్ల ఏర్పాటు చాలా బాగుంది. దారి పొడవునా ఊట నీళ్ల కుళాయిలున్నాయి, విశ్రాంతి స్థలాల్లో మరుగుదొడ్లు కూడా. లీటరు సీసా ఒకటి చాలు, కనిపించిన ప్రతిచోటా నింపుకోవాలి. తిండి మాత్రం లోపల ఎక్కడా అమ్మరు. పులిహోర, చపాతీ చుట్టలు, ఉప్పు వేసిన పల్లీలు తీసుకెళ్తే సరిపోతుంది. పెరుగన్నం ఆ ఎండకు నిలవదు.

ఏడో కిలోమీటరు దగ్గర పాత సమరియా ఊరు వస్తుంది. 1962లో పార్కుగా ప్రకటించి ఊరివాళ్లను బయటికి పంపాక రాతి ఇళ్లు మిగిలాయి. భోజనానికి ఇదే మంచి చోటు. క్రిక్రి అనే అడవి మేకలు సంచి దాకా వచ్చి మూతి పెడతాయి. వాటికి ఏమీ పెట్టకూడదు. గార్డులు ఇక్కడే ఉంటారు. కాలు విరిగినా వాహనం రాదు, గాడిదో కంచర గాడిదో ఎక్కించి తీసుకెళ్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లాలనుకునేవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

ఊరు దాటాక లోయ ఇరుకవుతూ పోతుంది. రాళ్లు పడే చోట త్వరగా దాటమని బోర్డులుంటాయి. అవి మాటవరసకు పెట్టినవి కావు. పైన మేకలు కదిలినా, గాలి విసిరినా గులకరాళ్లు రాలతాయి. ఫొటో కోసం అక్కడ ఆగొద్దు. పదకొండో కిలోమీటరు దాటాక ‘ఇనుప ద్వారాలు’ వస్తాయి. రెండు కొండగోడల మధ్య దారి నాలుగు మీటర్ల కంటే ఇరుకు, తలెత్తితే ఆకాశం సన్నని చారలా కనిపిస్తుంది. ఏటి మీద పరచిన చెక్కల వంతెన మీద ఒక్కొక్కరే నడవాలి. మధ్యాహ్నం ఇక్కడ జనం కిక్కిరుస్తారు. పొద్దున్నే గేటు తెరిచిన వెంటనే బయలుదేరినవాళ్లకు ఈ చోటు ప్రశాంతంగా దొరుకుతుంది. అందుకోసమైనా క్రీట్ పడమటి వైపున్న చానియా నగరంలో తొలి బస్సు పట్టుకోవాలి.

టికెట్టు జేబులో భద్రంగా ఉంచుకోండి, బయటికెళ్లేటప్పుడు చూస్తారు. లోపల ఎవరూ ఉండిపోలేదని లెక్క తేల్చుకోవడానికే అది. ఏటిలో ఈతకు, రాత్రి మకాంకు అనుమతి లేదు. పార్కు సాధారణంగా మే నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉంటుంది. కానీ వాన పడినా, ఎండ తీవ్రత మరీ పెరిగినా ఆ రోజుకు మూసేస్తారు. ముందురోజు సాయంత్రం బస చేసిన చోట కనుక్కోకుండా ఒమాలోస్ దాకా వెళ్లొద్దు.

అర మార్కు తగ్గింది చివరి మూడు కిలోమీటర్ల దగ్గర. పార్కు గేటు దాటాక నీడ లేదు, కాళ్లు అప్పటికే అలిసిపోయి ఉంటాయి, రాళ్ల వేడి కింది నుంచి కొడుతుంది. చిన్న బస్సు ఒకటి తిరుగుతుంది, డబ్బు చూసుకోకుండా ఎక్కేయండి.

ఆగియా రూమెలీకి బయటి నుంచి కారు రోడ్డు లేదు. తిరుగు ప్రయాణం పడవలోనే. సాయంత్రం పడవ తప్పితే రాత్రి అక్కడే. కాబట్టి ఊళ్లోకి రాగానే ముందు పడవ టికెట్టు కొని, తర్వాతే సముద్రంలో దిగండి. శాకాహారులకు భోజనశాలల్లో అన్నం కూరిన టమాటాలు, క్యాప్సికంలు దొరుకుతాయి, మాంసం లేనివేనా అని అడిగి తీసుకోవాలి. చానియా వెళ్లేవాళ్లకు ఇదే తీరంలోని సౌగియా ఊరికి వెళ్లే పడవైనా, హోరా స్ఫాకియోన్ ఊరికి వెళ్లే పడవైనా పరవాలేదు, రెండుచోట్లా పడవ వేళకు బస్సులు అందుతాయి. కారు ఒమాలోస్‌లో వదిలినవాళ్లు మాత్రం సౌగియా పడవే ఎక్కాలి. స్ఫాకియోన్‌లో దిగితే కారు కొండలకు అవతలే ఉండిపోతుంది, టాక్సీకి బోలెడు ఖర్చవుతుంది.